మినహాయింపు ఏ దేశానిది? నల్గొండ కిరాయి, పాలమూరు ప్లాటు, అమెరికా రిటర్ను

నల్గొండ క్లాక్ టవర్‌కు దగ్గర్లో రెండు పోర్షన్ల ఇల్లు ఉందనుకుందాం. యజమాని టెక్సాస్‌లో ఉద్యోగి. నెలకు కిరాయి 30 వేలు. ఇండియా ఆదాయం జమయ్యే ఎన్నార్వో ఖాతాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద ఏడాదికి వడ్డీ 1.5 లక్షలు. చట్టం ప్రకారం కిరాయిదారు నెలనెలా 9,360 రూపాయలు పట్టుకుని మిగతాదే ఇవ్వాలి. బ్యాంకు వడ్డీలోంచి 46,800 కోసుకుంటుంది. రెండూ 31.2 శాతం లెక్కనే. ఏడాది తిరిగేసరికి ఇలా ముందే పట్టుకునే పన్ను, అంటే టీడీఎస్, 1,59,120 అవుతుంది. అదే మనిషి రిటర్ను వేస్తే తేలే అసలు పన్ను 104 రూపాయలు.

లెక్క సూటిగానే ఉంది. కిరాయి 3.6 లక్షల్లో 30 శాతం మరమ్మతుల కింద, రసీదులు అడగకుండానే తీసేస్తారు. మిగిలింది 2.52 లక్షలు. వడ్డీ కలిపితే 4.02 లక్షలు. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. పైనున్న 2 వేల మీద 5 శాతం అంటే 100, సెస్సు 4. మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను చూపిస్తే అదీ ఉండదు.

ప్రవాసుల పన్ను తిప్పలన్నీ ఈ రెండు అంకెల మధ్యే పుడతాయి. టీడీఎస్ కట్ అయింది కాబట్టి ఇండియాలో పని అయిపోయిందని కొందరు రిటర్నే వేయరు. ఇంకొందరు 1,59,120 మొత్తాన్నీ అమెరికా రిటర్నులో విదేశీ పన్ను క్రెడిట్ కింద చూపిస్తారు. రెండూ తప్పే. అడిగితే తిరిగొచ్చే డబ్బును అమెరికా పన్నుగా ఒప్పుకోదు. అడగడం మానేసినా ఒప్పుకోదు. క్రెడిట్ ఆ 104 రూపాయలకే. రిఫండ్ కోసం ఇక్కడ రిటర్ను వేయక, అక్కడ క్రెడిటూ దక్కక, లక్షన్నర గాలికి పోయినట్టే.

ఇక్కడి అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 1961 చట్టం కిందివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది. దాంతో సెక్షన్ల, ఇండియా ఫారాల నంబర్లు మారాయి, ఇక్కడ పాతవే వాడాం. డాలరును లెక్క సులువు కోసం 85 రూపాయలుగా తీసుకున్నాం.

ఎన్ని రోజులు, ఎక్కడ

పాస్‌పోర్టు రంగుతో పన్నుకు సంబంధం లేదు. రోజులే లెక్క. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఇండియాలో 182 రోజులు ఉంటే ఇక్కడి రెసిడెంటు. బయట స్థిరపడి చుట్టపుచూపుగా వచ్చే భారతీయుడికి ఇండియా ఆదాయం 15 లక్షలు దాటితే ఈ గడువు 120 రోజులకు తగ్గుతుంది, ముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ గడిపి ఉంటే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మరో మెలిక ఉంది. ఏ దేశంలోనూ పన్ను కట్టే బాధ్యత లేని భారత పౌరుడి ఇండియా ఆదాయం 15 లక్షలు దాటితే, ఒక్క రోజు రాకపోయినా ఇక్కడి రెసిడెంటుగానే చూస్తారు. అయితే అక్కడి జీతం జోలికి మామూలుగా రారు. పాలమూరు నుంచి దుబాయ్ పోయిన మేస్త్రీకి ఈ నిబంధనతో పని పడదు. అక్కడ వ్యాపారం చేస్తూ ఇక్కడ నాలుగు షాపులు కిరాయికి ఇచ్చిన మేనల్లుడికి పడుతుంది.

అమెరికా లెక్క వేరు. గ్రీన్‌కార్డు ఉంటే సరే సరి. లేకపోతే ఈ ఏటి రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, ముందటేటి రోజుల్లో ఆరో వంతు కలిపి 183 అయితే రెసిడెంటు. ఇది కొడుకులూ కూతుళ్లకే అనుకుంటారు గానీ, విజిటర్ వీసా మీద పోయే అమ్మానాన్నలకూ వర్తిస్తుంది. మూడేళ్లు వరుసగా 175 రోజుల చొప్పున ఉండొస్తే 175, 58, 29 కలిపి 262. అంటే నల్గొండలో పెన్షన్ తీసుకునే రిటైర్డ్ టీచరు కాగితం మీద అమెరికా పన్ను రెసిడెంటు! ఈ ఏడాది 183 రోజుల కంటే తక్కువే ఉండి, ఇల్లూ బ్యాంకూ బతుకూ ఇండియాలోనే అని ఫారం 8840 వేస్తే బయటపడొచ్చు. జీతం లేనివాళ్లకు గడువు జూన్ 15. ఈ ఫారం పేరు విన్నవాళ్లే తక్కువ.

విద్యార్థుల సంగతి తిరగబడి ఉంటుంది. ఎఫ్-1 వీసా మీద తొలి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు రోజులు లెక్కలోకి రావు. ఆదాయం లేకపోయినా ఫారం 8843 వేయాలి, ఉంటే నాన్‌రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్ఆర్. తెలిసిన సాఫ్ట్‌వేర్‌తో పక్కరూమ్ అబ్బాయి చేసినట్టే రెసిడెంట్ రిటర్ను కొట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. నాన్‌రెసిడెంట్లకు సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. భారతీయ విద్యార్థులకు మాత్రం రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం అది ఇస్తుంది. 2025కు అది 15,750 డాలర్లు. సరైన ఫారం వేసినా ఈ వెసులుబాటు రాయడం మర్చిపోయి పన్ను కట్టేవాళ్లున్నారు.

కిరాయిదారు మెడకు టాన్

ఎన్నారైకి కిరాయి ఇచ్చేవాడికి కనీస పరిమితి అంటూ లేదు. నెలకు 5 వేలైనా చట్టం వర్తిస్తుంది. అతడు టీడీఎస్ జమ చేయడానికి టాన్ అనే నంబరు తీసుకోవాలి. పట్టుకున్న సొమ్మును వచ్చే నెల 7లోగా జమ చేయాలి. మూడు నెలలకోసారి ఆ లెక్కల రిటర్ను 27క్యూ దాఖలు చేసి, పన్ను పట్టుకున్నట్టు యజమానికి ఫారం 16ఎ ఇవ్వాలి. 27క్యూ ఆలస్యమైతే రోజుకు 200 రుసుము. కింద పోర్షన్‌లో కిరాణం పెట్టుకున్న మనిషికి ఇదంతా చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అందుకే చాలాచోట్ల కిరాయి తల్లి ఖాతాలో పడుతుంది, టీడీఎస్ మాట ఎత్తరు. ఇల్లు ఎవరి పేరున ఉందో ఆదాయం వాళ్లదే. డబ్బు ఎవరి ఖాతాలో పడ్డా ఆ సంగతి మారదు. కట్ చేయని పాపానికి నోటీసు వచ్చేది కిరాయిదారుకు. అతడు కట్టాల్సింది అసలుతోపాటు నెలకు 1 శాతం వడ్డీ.

రాజమార్గం ఒకటుంది. యజమానే ఫారం 13 వేసి, తనకు తేలే పన్ను ఇంతే కాబట్టి తక్కువ రేటుకే కట్ చేయాలని ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఇది చూసేది హైదరాబాద్‌లోని అంతర్జాతీయ పన్నుల విభాగం, ఊళ్లోని ఆదాయపు పన్ను ఆఫీసు కాదు. ధ్రువపత్రం ఫలానా టాన్ పేరు మీదే వస్తుంది. కాబట్టి ముందు కిరాయిదారు టాన్ తీసుకుంటేనే దరఖాస్తు కదులుతుంది.

మరో అపోహ. 12 లక్షల దాకా పన్ను లేదని ఊరంతా చెప్పుకుంటారు. ఆ రిబేటు రెసిడెంట్లకే. ఎన్నారైకి 4 లక్షలు దాటినప్పటి నుంచీ స్లాబు మొదలు. టీడీఎస్ వద్దని బ్యాంకులో 15జి, 15హెచ్ ఫారాలు ఇవ్వడమూ కుదరదు. వడ్డీకి ఒప్పందం ప్రకారం 15 శాతమే కట్ చేయించుకోవచ్చు గానీ, దానికి అమెరికా పన్ను శాఖ ఇచ్చే రెసిడెంటు ధ్రువపత్రం, ఫారం 6166 కావాలి. అది ఫారం 8802తో, 85 డాలర్లు కట్టి తెప్పించుకోవాలి. ఇక్కడ పోర్టల్‌లో 10ఎఫ్ కూడా నింపాలి. చిన్న మొత్తాలకు ఈ ప్రయాస దండగ. రిఫండ్ అడగడమే నయం.

ప్లాటు అమ్మినప్పుడు

మహబూబ్‌నగర్ శివారు వెంచర్‌లో 2012లో 12 లక్షలకు కొన్న ప్లాటు 2025లో 60 లక్షలకు అమ్ముడైందనుకుందాం. లాభం 48 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే పన్ను 12.5 శాతం, సెస్సుతో 13 శాతం, అంటే 6,24,000. ఎన్నారైకి ఇక్కడ 4 లక్షల మినహాయింపు కూడా అడ్డురాదు. రెసిడెంటు తన ఆదాయం తక్కువైతే ఆ లోటును ఇలాంటి లాభంలో సర్దుకోవచ్చు, ఎన్నారై సర్దుకోలేడు. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తికి ధరల సూచీ మేరకు అసలును పెంచే ఇండెక్సేషన్‌తో 20 శాతం ఎంచుకునే వీలూ రెసిడెంట్లకే. ఈ ఉదాహరణలో దానివల్ల నష్టం లేదు. సూచీ 200 నుంచి 376కు పెరిగినా పన్ను 7.78 లక్షలయ్యేది. ధర అంతగా పెరగని ప్లాట్ల విషయంలోనే దెబ్బ తగులుతుంది.

కొనేవాడు మాత్రం లాభం చూడడు. అది తేల్చే అధికారం అతడికి లేదు. ధ్రువపత్రం లేకపోతే 60 లక్షల మీదా కట్ చేస్తాడు. మొత్తం 50 లక్షలు దాటింది కాబట్టి సర్‌చార్జీ కూడా కలిసి 14.3 శాతం, 8,58,000. తేడా 2,34,000 రిటర్ను వేసి, రిఫండ్ వచ్చేదాకా సర్కారు దగ్గరే. అందుకే బేరం కుదిరి బయానా తీసుకున్న వారంలోనే ఫారం 13 వేయాలి. రిజిస్ట్రేషన్ రోజు గుర్తొస్తే ఏమీ చేయలేరు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు 26క్యూబి, అంటే ఆస్తి కొన్నవాడు టీడీఎస్ కట్టే ఫారం. డాక్యుమెంట్ రైటరు అలవాటు కొద్దీ 1 శాతం కట్టించేస్తాడు. అది అమ్మేవాడు రెసిడెంటు అయితే వర్తించే నిబంధన. సేల్ డీడ్‌లో అమ్మేవాడి చిరునామా డాలస్ అని ఉండి, జీపీఏ మీద బావమరిది సంతకం పెట్టి, టీడీఎస్ మాత్రం 1 శాతం. కొన్నవాడు డిఫాల్టరు కావడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. దానికితోడు సర్కారు విలువకు రిజిస్ట్రేషను, మిగతాది నగదు అనే పాత పద్ధతి ఎన్నారైకి మరీ ప్రమాదం. ఆ నగదు ఎన్నార్వో ఖాతాలోకి ఎక్కదు, 15సిఎ, 15సిబి కాగితాలు లేకుండా దేశం దాటదు. అమెరికా రిటర్నులో అసలు ధర రాయాలి.

ఆ రిటర్నులో లాభం డాలర్లలో తేలుతుంది. 2012లో డాలరు 53 రూపాయల ప్రాంతంలో ఉంది. 12 లక్షలంటే 22,641 డాలర్లు. ఇప్పుడు 60 లక్షలంటే 70,588. లాభం 47,947 డాలర్లు. 15 శాతం లెక్కన పన్ను 7,192. ఇండియాలో కట్టిన 6,24,000 అంటే 7,341 డాలర్లు. కాబట్టి ఫారం 1116లో క్రెడిట్ చూపిస్తే దాదాపు మిగిలేదేమీ ఉండదు. ఆదాయం పెద్దదైతే 3.8 శాతం అదనపు పన్ను వేరేగా పడుతుంది, దానికి ఈ క్రెడిట్ మామూలుగా చెల్లదు. కాలిఫోర్నియాలో ఉంటే రాష్ట్ర పన్నుకూ చెల్లదు. టెక్సాస్‌లో ఆ బెడద లేదు.

ఇక్కడే తెలివి బెడిసికొట్టే చోటు ఉంది. ఆడిటరు సలహా మీద లాభమంతా ఆరు నెలల్లోగా 54ఇసి అనే మినహాయింపు బాండ్లలో పెడితే ఇండియా పన్ను సున్నా. పన్ను కట్టలేదు కాబట్టి అమెరికాలో క్రెడిటూ సున్నా. 7,192 డాలర్లు చేతి నుంచే కట్టాలి, పైగా డబ్బు ఐదేళ్లు బాండ్లలో ఇరుక్కుంటుంది.

వారసత్వం విషయంలో తేడా ఇంకా పెద్దది. తండ్రి 1998లో కొన్న జాగా ఆయన తదనంతరం కొడుక్కి వస్తే, ఇండియా తండ్రి కొన్న ధరను గానీ 2001 ఏప్రిల్ 1 నాటి విలువను గానీ అసలుగా తీసుకుంటుంది. అమెరికా మాత్రం తండ్రి చనిపోయిన రోజు మార్కెట్ విలువను తీసుకుంటుంది. వెంటనే అమ్మితే అక్కడ లాభమే ఉండదు. అదే జాగాను తండ్రి బతికుండగా గిఫ్ట్ డీడ్ చేస్తే అమెరికా కూడా 1998 ధర దగ్గరికే పోతుంది. విలువ లక్ష డాలర్లు దాటితే, అంటే 85 లక్షలు దాటితే, పుచ్చుకున్నవాడు ఫారం 3520 విడిగా వేయాలి. పన్ను లేదు, కాగితం ఒక్కటే. కానీ మరిచిపోతే విలువ మీద నెలకు 5 శాతం, 25 శాతం దాకా జరిమానా. అన్నదమ్ములు పంపకాల హడావుడిలో రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఊరి భూమి, గాలి దూరం

పాస్‌బుక్ భూమి అమ్మితే పన్ను లేదనే మాట సగమే నిజం. మున్సిపాలిటీ పొలిమేర నుంచి నిర్ణీత దూరం అవతల ఉంటేనే అది పన్ను లేని గ్రామీణ భూమి. జనాభా 10 వేల నుంచి లక్ష దాకా ఉన్న వనపర్తి, గద్వాల లాంటి పట్టణాలకు 2 కిలోమీటర్లు. లక్ష దాటిన నల్గొండ, మహబూబ్‌నగర్‌లకు 6. ఇది రోడ్డు దూరం కాదు, కాకి ఎగిరినంత సూటి దూరం. బస్సు టికెట్ ప్రకారం 9 కిలోమీటర్లున్న ఊరు కూడా సూటిగా కొలిస్తే 6లోపు పడొచ్చు. చుట్టుపక్కల ఊళ్లు మున్సిపాలిటీల్లో కలిశాక పొలిమేరలే జరిగాయి. తహసీల్దారు ఆఫీసు నుంచి దూరం, జనాభా రాసిన ధ్రువపత్రం తీసుకోకుండా కొనేవాడిని టీడీఎస్ వద్దని ఒప్పించడం కష్టం. ఒకసారి వ్యవసాయేతర భూమిగా మార్పిడి అయితే ఈ మినహాయింపు ఆశ వదులుకోవాలి. ఎన్నారై సాగు భూమి కొనకూడదు, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, అమ్మితే ఇండియాలో ఉండే భారతీయుడికే అమ్మాలి.

పంట మీద వచ్చేదానికీ ఇదే కథ. నల్గొండ జిల్లాలో ఐదెకరాల బత్తాయి తోటను ఏడాదికి 3 లక్షలకు కౌలుకిచ్చారనుకుందాం. ఇండియాలో అది వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు. వేరే ఆదాయం 4 లక్షలు దాటితే రేటు తేల్చడానికి మాత్రం లెక్కలోకి వస్తుంది. అమెరికాకు అది వట్టి కిరాయి. 3,529 డాలర్లు రిటర్నులోని ‘షెడ్యూల్ ఇ’ పత్రంలో రాయాలి. 24 శాతం స్లాబులో ఉన్నవాడు సుమారు 847 డాలర్లు కట్టాలి. ఇక్కడ కట్టిందేమీ లేదు కాబట్టి తీసేసేదీ లేదు. విదేశీ సంపాదన దాచే ఎన్ఆర్ఈ ఖాతా డిపాజిట్ వడ్డీదీ ఇదే తీరు. ఇండియాలో మాఫీ, అమెరికాలో పన్ను. ‘ఇండియాలో టాక్స్ ఫ్రీ’ అనే బ్యాంకు బోర్డులో మొదటి పదం మీదే దృష్టి పెట్టాలి.

మ్యూచువల్ ఫండ్లు అన్నిటికంటే చేదు. అమెరికా వాటిని పిఎఫ్ఐసి అనే తరగతిలో వేసింది. ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం 8621. అమ్మిన లాభాన్ని ఉంచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, పాత ఏళ్ల వాటా మీద ఆయా ఏళ్ల గరిష్ఠ రేటుతో పన్ను, దానిపై వడ్డీ వేస్తారు. సంవత్సరాంతానికి మొత్తం 25 వేల డాలర్లు, జంటకైతే 50 వేలు దాటకుండా, ఏమీ అమ్మకుండా, పంపిణీలు లేకుండా ఉంటే ఫారం తప్పుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు మొదలుపెట్టిన సిప్‌ను అక్కడి రెసిడెంటు కాకముందే ఆపి అమ్మేయడం మంచిది. ఈ ఫారాల ఫీజులే లాభాన్ని తినేస్తాయి.

ఖాతాల చిట్టా

ఎఫ్‌బార్ పన్ను ఫారం కాదు. అమెరికా బయట ఉన్న ఖాతాల జాబితా. అన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10 వేల డాలర్లు దాటితే ఏప్రిల్ 15లోగా వేయాలి, అడగకుండానే అక్టోబర్ 15 దాకా గడువు పెరుగుతుంది. లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఒక్కో ఖాతా గరిష్ఠ నిల్వ తీసుకుని కూడతారు. సేవింగ్స్‌లోని 6 లక్షలను ఫిక్స్‌డ్‌లోకి మారిస్తే ఆ 6 లక్షలే రెండుసార్లు లెక్కకొచ్చి 14 వేల డాలర్లు దాటుతాయి. నాన్నతో ఉన్న జాయింటు ఖాతాలో ఆయన పెన్షను, వడ్లు అమ్మిన డబ్బు ఉన్నా మొత్తం నిల్వ చూపాలి. రైతు భరోసా పడుతుందని మార్చకుండా వదిలేసిన పాత సేవింగ్స్ ఖాతా కూడా చూపాలి. అసలు అది విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం ఎప్పుడో ఎన్నార్వోగా మారి ఉండాల్సింది. ఆస్తులు ఎక్కువైతే రిటర్నుతోపాటు ఫారం 8938 కూడా వేయాలి. అమెరికాలో ఉండే జంటకు ఏడాది చివర లక్ష డాలర్లు గానీ ఎప్పుడైనా లక్షన్నర గానీ దాటితే ఇది తప్పదు. ఇల్లూ పొలమూ దీంట్లోకి రావు.

ఎవరికి తెలుస్తుందిలే అనుకునే రోజులు 2015లోనే పోయాయి. ఆ ఏడాది జులైలో కుదిరిన ఒప్పందం ప్రకారం మన బ్యాంకులు అమెరికా పన్ను రెసిడెంట్ల ఖాతాల వివరాలు పంపుతున్నాయి. వడ్డీ అంతా చూపించి ఎఫ్‌బార్ ఒక్కటే మర్చిపోతే, నోటీసు రాకముందే కారణం రాసి ఆలస్యంగా వేస్తే సాధారణంగా జరిమానా ఉండదు. వడ్డీ కూడా దాచినట్టయితే, కావాలని చేయలేదని చెప్పగలిగితే, మూడేళ్ల రిటర్నులు సవరించి, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు వేసి, దాచిన ఆస్తుల మీద 5 శాతం కట్టే పథకం ఉంది.

ఏది ముందు

రెండు దేశాల క్యాలెండర్లు కలవవు. 2026 జనవరి నుంచి మార్చి దాకా వచ్చిన కిరాయి ఇండియాలో 2025-26లోకి, అమెరికాలో 2026లోకి పోతుంది. కాబట్టి టీడీఎస్ పద్దులుండే 26ఎఎస్‌ను నెలల వారీగా విడగొట్టుకోవాలి. అమెరికా గడువు ఏప్రిల్ 15 నాటికి ఇండియా పన్ను ఎంతో తేలదు. ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా వాయిదా తీసుకుని, కట్టాల్సింది అంచనాగా ఏప్రిల్‌లోనే కట్టేసి, ముందు ఇండియా రిటర్ను జులై 31లోగా ముగించడం మేలు. తేలిన పన్నుతో ఆ తర్వాత అమెరికాది వేస్తే క్రెడిట్ సరిగ్గా కుదురుతుంది. ముందే ఎక్కువ క్రెడిట్ తీసుకుని ఇండియా నుంచి రిఫండ్ వస్తే సవరణ రిటర్ను 1040-ఎక్స్ వేసి సరిదిద్దాలి.

ఇండియాలో ఎన్నారై వేయాల్సింది ఐటీఆర్-2, తేలికగా ఉంటుందని ఐటీఆర్-1 వేస్తే చెల్లదు. అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు ఎస్ఎస్ఎన్‌ను అందులో పన్ను గుర్తింపు నంబరుగా రాయాలి. పోర్టల్ ప్రొఫైల్‌లో స్థితి నాన్‌రెసిడెంట్ అని మారిందో లేదో ముందే చూసుకోవాలి. మారకపోతే ఆధార్ జత చేయలేదని పాన్‌ను పనిచేయనిదిగా పెట్టేస్తారు, రిఫండ్ ఆగుతుంది. రిటర్ను వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే వేయనట్టే. ఆధార్ ఓటీపీ వచ్చేది ఇండియా నంబరుకే. ఆ సిమ్ నల్గొండలో బీరువాలో, రీచార్జి లేక మూగబోయి ఉంటుంది. ఎన్నార్వో ఖాతాను పోర్టల్‌లో ముందే ధ్రువీకరించి పెట్టుకుంటే నెట్ బ్యాంకింగ్ ద్వారా అర్ధరాత్రి డాలస్ నుంచైనా వెరిఫై చేయొచ్చు, రిఫండ్ కూడా ఆ ఖాతాకే వస్తుంది.